విశాఖ రాళ్ల తీరం, ఏడాది పొడవునా: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు పెదవాల్తేరులో. గాలి ఇటు తిరిగితే రాత్రిపూట పడకగదిలోకి కెరటాల చప్పుడు వినిపిస్తుంది. వేసవి సెలవులకి హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలు, డిసెంబర్‌లో అరకు చూసి దిగే స్నేహితులు, వాళ్ల స్నేహితులు అందరూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఫోన్‌లో ప్రతిసారీ సగం చెప్పి సగం మర్చిపోతున్నాను. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

మన కోస్తా అంతా ఇసుకే కదా, వైజాగ్‌లో ఇన్ని రాళ్లెక్కడివి?

గోదావరి, కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడిన తీరం కాకినాడ నుంచి బాపట్ల దాకా చదునుగా ఉంటుంది. ఇక్కడ అలా కాదు. తూర్పు కనుమలు నేరుగా సముద్రం అంచుదాకా వచ్చేశాయి. యారాడ కొండ, దాని ముక్కులా సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్ నోస్, కైలాసగిరి, రుషికొండ, భీమిలి పావురాలకొండ అన్నీ ఆ కనుమల కొసలే.

ఈ కొండల్లో ఎక్కువగా ఉండే రాయి పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదుగా వచ్చింది. వయసు వంద కోట్ల ఏళ్ల లెక్కలో చెప్పాలి. జోడుగుళ్లపాలెం దగ్గర తడిసిన రాయిని దగ్గరగా చూడండి, దానిమ్మ గింజల్లా ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. రాయి అరిగినప్పుడు అవి ఇసుకలో కలుస్తాయి. భీమిలి వైపు ఇసుక మీద నల్లగా, ఎర్రగా చారలు కనిపిస్తే ఎవరో నూనె పారబోశారని అనుకుంటారు చాలామంది. నూనె కాదు, ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు. కెరటం తేలిక ఇసుకని లాక్కెళ్లి వీటిని వదిలేస్తుంది. పిల్లలతో వస్తే ఒక చిన్న అయస్కాంతం తీసుకురండి. నల్ల ఇసుక దానికి ఎలా అంటుకుంటుందో చూస్తే వాళ్లు సాయంత్రం దాకా అక్కడినుంచి లేవరు.

రాళ్లు చూడాలంటే ముఖ్యమైన చోట్లు: లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం, తెన్నేటి పార్క్ కింద, రుషికొండ చివర్లు, తొట్లకొండ ఎదురుగా మంగమారిపేట, నగరానికి దక్షిణాన యారాడ. మంగమారిపేటలో సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. దాని మీదికి మాత్రం ఎక్కకండి. ఒక్కో తుఫానుకి కొంచెం కొంచెం అరుగుతున్న రాయి అది.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. "నవంబర్ నుంచి ఫిబ్రవరి" అని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. ఆ మాట అబద్ధం కాదు, చల్లగా ఉంటుంది. కానీ ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నవాడిగా నేను వేరేలా చెబుతాను. విశాఖ సముద్రాన్ని చూడకూడని నెల ఏదీ లేదు. ఏ నెలలో ఎంత దూరంలో నిలబడాలన్నదే తెలుసుకోవాలి.

ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా రాళ్ల మధ్యకి దిగొచ్చు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కొండ మీద నుంచి చూడాలి. అక్టోబర్, నవంబర్ నెలల్లో ముందు వాతావరణ హెచ్చరిక చూసి, ఆ తర్వాతే ఇంట్లోంచి బయల్దేరాలి. డిసెంబర్, జనవరి నెలల్లో ఇసుక మీద, నీటి అంచున నడవాలి. మే నెలలో తెల్లవారుజామున గంటన్నర, మళ్లీ చీకటి పడ్డాక గంటన్నర, అంతే. మధ్యాహ్నం ఇంట్లో ముంజలు తింటూ ఫ్యాన్ కింద కూర్చోవడం మేలు.

మార్చి, ఏప్రిల్ అంటే ఎండలు కదా. అప్పుడు తీరానికి ఎవరైనా వస్తారా?

రాళ్ల తీరానికి అదే నాకు అన్నిటికంటే ఇష్టమైన కాలం. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

మన వైపు సముద్రమట్టం ఏడాదంతా ఒకేలా ఉండదు. అక్టోబర్, నవంబర్ నెలల్లో పైకి వస్తుంది, మార్చి ప్రాంతంలో బాగా దిగుతుంది. రోజూ వచ్చే ఆటుపోట్లు దీనికి అదనం. తీరం వెంబడి పెద్ద ప్రవాహం కూడా దిశ మారుతుంది. ఈ నెలల్లో ఉత్తరానికి, అక్టోబర్ తర్వాత దక్షిణానికి పోతుంది. నైరుతి గాలి తీరానికి సమాంతరంగా వీస్తూ పై నీటిని లోపలికి నెట్టేస్తుంది, దాని స్థానంలో అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. మార్చిలో ఎండ మాడుతుంటే నీళ్లలో కాలు పెట్టగానే జివ్వుమనేది అందుకే. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్, ఇక్కడి విద్యార్థులతో కలిసి ఈ తీరంలోనే ఈ సంగతులు అధ్యయనం చేశారు. మన దేశంలో సముద్ర శాస్త్రం చదువుగా నిలదొక్కుకున్న తొలి చోట్లలో మన వాల్తేరు ఒకటి. ఆ బీచ్ రోడ్డు మీద నడుస్తున్నప్పుడు ఈ సంగతి గుర్తొస్తే నాకు గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. నీళ్లు బాగా వెనక్కి వెళ్లినప్పుడు, మామూలుగా మునిగి ఉండే రాళ్లు బయటపడతాయి. వాటి గుంటల్లో నీళ్లు నిలిచిపోతాయి. ఒక్కో గుంట ఒక్కో చిన్న చెరువు. ముట్టుకుంటే ముడుచుకునే సముద్రపు పువ్వులుంటాయి (పేరుకి పువ్వులే, నిజానికి జంతువులు). రాతి పగుల్లో ముళ్లబంతిలా సముద్రపు ముళ్లకాయ. ఖాళీ శంఖంలో కాపురముండే పీత. రాయి రంగులోనే ఉండి, నీడ పడగానే చటుక్కున మాయమయ్యే వేలెడంత చేపలు. అదృష్టం బాగుంటే అరచేతిలో పట్టేంత ఆక్టోపస్. మొదటి అయిదు నిమిషాలు ఏమీ కనిపించదు. నీడ నీళ్ల మీద పడకుండా గొంతుక్కూర్చుని కదలకుండా ఉండండి. పదో నిమిషానికి గుంట మొత్తం కదులుతున్నట్టు తెలుస్తుంది.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఏ ప్రాణినీ పీకి చేతిలో పెట్టుకోకండి, రాయికి అంటుకున్నదాన్ని లాగితే దాని ప్రాణం పోతుంది. రాయి తిరగేస్తే మళ్లీ ఉన్నట్టే పెట్టండి, కింద గుడ్లుంటాయి. ఖాళీ శంఖాలు కూడా అక్కడే ఉండనివ్వండి. పీతలకి అవే ఇళ్లు.

చెప్పులు లేకుండా దిగొద్దు. రాళ్లకి అంటుకుని ఉండే గుల్లలు బ్లేడులా కోస్తాయి. ఒకసారి జోడుగుళ్లపాలెంలో నేను చెప్పులు చేత్తో పట్టుకుని దిగి, పాచి మీద జారి అరికాలు చీల్చుకున్నాను. వలలు బాగుచేసుకుంటున్న ఒకావిడ తన మంచినీళ్ల సీసా మొత్తం నా కాలు మీద పోసి కడిగి, చీర కొంగు చింపబోతుంటే నేనే ఆపి రుమాలు ఇచ్చాను. వెనక పట్టీ ఉన్న శాండల్స్ గానీ పాత కాన్వాస్ బూట్లు గానీ వేసుకోండి. హవాయి చెప్పులు పనికిరావు.

ఆటుపోట్ల వేళలు ఎలా తెలుస్తాయి?

రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. మర్నాటికి ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకి, పౌర్ణమికి తేడా ఎక్కువ, ఇక్కడ సుమారు మీటరున్నర దాకా ఉంటుంది. అష్టమి రోజుల్లో తక్కువ. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఆటుపోట్ల వేళలు, ఎత్తైన కెరటాల హెచ్చరికలు ఇస్తుంది. ఫోన్‌లో చూసుకోవచ్చు. నీళ్లు పూర్తిగా దిగే సమయానికి గంట ముందు రాళ్లలోకి వెళ్లండి, అది మళ్లీ ఎక్కడం మొదలుపెట్టగానే తిరిగి వచ్చేయండి. సముద్రానికి వీపు పెట్టి మాత్రం ఎప్పుడూ కూర్చోకండి.

నీళ్లలో దిగి స్నానం చేయొచ్చా?

ఈ ప్రశ్నకి జవాబు రాసేటప్పుడు నాకు ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. ఏటా ఆదివారాలు, పండగ సెలవులు వస్తే చాలు, పేపర్లో ఏదో ఒక కుటుంబం ఏడుస్తున్న ఫొటో ఉంటుంది. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది బయటి ఊళ్లనుంచి సరదాగా వచ్చిన కుర్రాళ్లే. వాళ్లలో ఈత వచ్చినవాళ్లు కూడా ఉంటారు.

మన తీరం నిటారుగా లోతెక్కుతుంది. నాలుగు అడుగుల తేడాలో మోకాలి లోతు నడుం లోతవుతుంది. దానికి తోడు లోపలికి లాగే ప్రవాహాలు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఏదో ఒక సందు వెతుక్కుని ఒక్కచోటునుంచి వెనక్కి పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. రాళ్ల పక్కన, రాళ్ల మధ్య ఇలాంటి సందులు ఎక్కువ.

నాకు ఇరవై ఏళ్లప్పుడు ఆగస్టులో నలుగురం యారాడ వెళ్లాం. రెండు వైపులా కెరటాలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒకచోట నీళ్లు ప్రశాంతంగా కనిపించాయి. అక్కడైతే భయం లేదనుకుని దిగాను. మోకాళ్లు దాటకముందే కాళ్ల కింద ఇసుక జారిపోయింది. నిలబడే లోపే పది గజాలు లోపలున్నాను. ఒడ్డునున్న జాలరి ముసలాయన గట్టిగా కేకేస్తూ చెయ్యి పక్కకి ఊపాడు. ఆయన చెప్పిన వైపే, ఒడ్డుకి అడ్డంగా, చేతనైనంత కొట్టుకుంటూ పోయాను. కెరటాలు విరిగేచోటికి చేరగానే అవే నన్ను ఒడ్డుకి నెట్టేశాయి. వణుకుతూ కూర్చుంటే ఆయనన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "తెల్లగా ఇరిగిన కాడ బయం నేదు బాబూ. నల్లగా, నున్నగా ఉన్న కాడే బయం."

కాబట్టి గుర్తుపెట్టుకోండి. కెరటాల మధ్య నల్లగా, నున్నగా కనిపించే చోట దిగకండి. పొరపాటున అందులో పడితే ఒడ్డువైపు ఎదురీదకండి, అలసిపోతారు. వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి పిలవండి, సత్తువ ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. పక్కవాళ్లు కాపాడదామని దూకకూడదు. తాడో, ఖాళీ వాటర్ క్యానో, ఏది తేలితే అది విసరండి. 112కి, కోస్ట్ గార్డ్ నంబరు 1554కి ఫోన్ చేయండి.

దిగాల్సిందే అనుకుంటే రుషికొండలో లైఫ్‌గార్డులు ఉన్న హద్దులోపలే దిగండి. ఆ బీచ్‌కి 2020లో, శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. యారాడలో ఒడ్డున కూర్చుని చూడటమే మంచిది. మూడు వైపులా కొండలు, ఎదురుగా సముద్రం. ఆ అందానికి నీళ్లలో దిగాల్సిన అవసరం లేదు. తాగి మాత్రం ఎక్కడా దిగకండి.

వానాకాలంలో వస్తే డబ్బు దండగేనా?

కాదు. కొండ ఎక్కండి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కెరటాలు పెద్దవి. ఇక్కడ గాలి లేని రోజు కూడా ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన కెరటాలు వేల కిలోమీటర్లు ప్రయాణించి మన రాళ్లని కొడతాయి. నీళ్లు మట్టి రంగులో ఉంటాయి, రాళ్లు పాచి పట్టి నూనె రాసినట్టుంటాయి. అప్పుడు కింద పని లేదు. కానీ కొండలు పచ్చబడతాయి. వాన కురిసి వెలిసిన సాయంత్రం తొట్లకొండ మీద నిలబడితే సముద్రం మీద దూరంగా ఇంకో వాన తెరలా కదిలిపోవడం కనిపిస్తుంది. ఎండ పడినచోట నీళ్లు ఆకుపచ్చగా, మబ్బు నీడ పడినచోట సీసంలా ఉంటాయి. అర గంటలో నాలుగు రంగులు మారతాయి.

తొట్లకొండ ఎత్తు సముద్రమట్టానికి 128 మీటర్లు. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఇక్కడ ఉండేవారు. వాన నీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. 1988 నుంచి 1993 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. వానాకాలంలో ఆ తొట్లు నిండి ఉన్నప్పుడు చూడాలని నేను అందరికీ చెబుతాను. ఎండాకాలంలో చూస్తే అవి రాతి గుంటలు. నిండినప్పుడు చూస్తే, వానాకాలం నాలుగు నెలలూ ఆ కొండ మీదే గడిపిన మనుషులు ఇక్కడే ఎందుకు ఆగారో అర్థమవుతుంది. దగ్గర్లోనే బావికొండ బౌద్ధ క్షేత్రం ఉంది, అది కూడా చూడండి.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్లు. లక్షల మంది చెప్పుల్లేకుండా కొండ చుట్టూ నడుస్తూ జోడుగుళ్లపాలెం, అప్పూఘర్ దగ్గర సముద్ర స్నానం చేసి సాగిపోతారు. దారంతా మజ్జిగ, పులిహోర పంచుతుంటారు. నడవలేకపోయినా అర్ధరాత్రి అక్కడ నిలబడి చూడండి. ఆ రాత్రి మాత్రం సముద్రపు చప్పుడు గోవింద నామాల్లో కలిసిపోతుంది.

వానలో బీచ్ రోడ్డు మీద బొగ్గుల మీద కాల్చిన పొత్తు, నిమ్మకాయ, ఉప్పూకారం. దీని గురించి ఎక్కువ రాయక్కర్లేదు.

అక్టోబర్, నవంబర్‌లో తుఫాన్లంటే టెన్షన్‌గా ఉంది. టికెట్లు తీసుకోవచ్చా?

తీసుకోండి, కానీ రద్దు చేసుకోగలిగేవి. బంగాళాఖాతంలో తుఫాన్లు మే నెలలోనూ, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానూ ఎక్కువగా వస్తాయి. మన ఊళ్లో ఎక్కువ వాన పడే నెల కూడా అక్టోబరే. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను, ఇలా బలపడుతుంది. పోర్టుల్లో ఎగరేసే హెచ్చరిక నంబర్లు వార్తల్లో చెబుతారు. ఒకటి, రెండు అంటే ఎక్కడో దూరంగా ఉందని. ఎనిమిది నుంచి పది అంటే గొప్ప ప్రమాదం.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ నేరుగా మా మీదే తీరం దాటింది. గంటకి 180 కిలోమీటర్ల పైన గాలి. మధ్యలో కాసేపు తుఫాను కన్ను వచ్చి అంతా ఆగిపోయింది. పక్షి కూత కూడా లేదు. అయిపోయిందని బయటికి వచ్చినవాళ్లున్నారు. తర్వాత రెండోవైపునుంచి ఇంకా గట్టిగా కొట్టింది. మర్నాడు పొద్దున్న కైలాసగిరి వైపు చూస్తే కొండ గోధుమ రంగులో ఉంది, ఒక్క ఆకు లేదు. కరెంటు లేక, నీళ్లు లేక రోజులు గడిచాయి. అయినా నాకు ఎక్కువగా గుర్తున్నది ఆ నవంబర్. మోడులకి ఆకాశంనుంచి రాలినట్టు లేత చిగుళ్లు వచ్చాయి. ఊరంతా ఆ చిగుళ్ల గురించే మాట్లాడుకునేవాళ్లం.

2020 అక్టోబర్‌లో వాయుగుండం గాలికి లంగరు నిలవక 'ఎంవీ మా' అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ తెన్నేటి పార్క్ కింద రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. అందులోని పదిహేను మందీ క్షేమంగా బయటపడ్డారు. ఓడనే అలా విసిరిన సముద్రం ముందు సెల్ఫీ కోసం రాయి చివరకి వెళ్లడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి.

తుఫాను దాటిన మూడో రోజు, నాలుగో రోజు మాత్రం వదులుకోకండి. గాలిలో దుమ్ము ఉండదు. భీమిలి దాకా తీరం గీత గీసినట్టు కనిపిస్తుంది.

కార్తీక పౌర్ణమి కూడా ఈ రోజుల్లోనే. మన సముద్రం తూర్పున కాబట్టి, సూర్యుడు వెనక కొండల్లోకి దిగుతుంటే ఎదురుగా నీళ్లలోంచి చంద్రుడు లేస్తాడు. మొదట రాగి పళ్లెంలా, తర్వాత పసుపుగా, ఆనక వెండిలా. అరటి దొప్పల్లో దీపాలు పెట్టి వదులుతుంటారు.

ఆర్కే బీచ్‌లో పోయినసారి బోలెడు ఇసుక ఉంది, ఈసారి రోడ్డు గోడ దాకా నీళ్లొచ్చాయి. ఏమైంది?

ఇసుక నడుస్తుంది. మార్చి నుంచి సెప్టెంబర్ దాకా కెరటాలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి, శీతాకాలంలో ఉత్తరం నుంచి దక్షిణానికి జరుపుతాయి. మొత్తం మీద ఉత్తరానికి పోయేది ఎక్కువ. 1970ల్లో కట్టిన ఔటర్ హార్బర్ అడ్డుగోడలు దక్షిణం నుంచి వచ్చే ఇసుకని ఆపేస్తున్నాయి. అందుకని అక్కడ తవ్వి తీసిన ఇసుకని తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. అది చాలకపోయినా, పెద్ద తుఫాను వచ్చినా కోత కనిపిస్తుంది. మా చిన్నప్పుడు కబడ్డీ ఆడిన చోట ఇప్పుడు రాళ్లు తేలి ఉన్నాయి. అది చూస్తే నిజంగా బాధేస్తుంది.

శీతాకాలంలో ఏం చూడాలి?

సూర్యోదయం. డిసెంబర్, జనవరి నెలల్లో బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడితే సూర్యుడు దాదాపు మీ ముందే నీళ్లలోంచి వస్తాడు. జూన్‌లో బాగా ఎడమకి, భీమిలి వైపు జరుగుతాడు. జనవరి నడుమ ఉదయం ఆరున్నరకి, జూన్‌లో అయిదు ఇరవై దాటాక ఉదయిస్తాడు. దానికి అరగంట ముందు చేరుకోండి. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు, నడవడానికి హాయిగా ఉంటుంది. దారిలో కురుసుర జలాంతర్గామి ఆ మసక వెలుగులో ఒడ్డుకొచ్చిన తిమింగలంలా కనిపిస్తుంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది అది. 2002 నుంచి మ్యూజియం.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లు ఏరి కంచె వేసిన చోట పూడ్చి కాపాడతారు. ఏడెనిమిది వారాలకి పిల్లలు బయటికి వస్తాయి. రాత్రి నడిచేటప్పుడు టార్చి, ఫ్లాష్ వేయకండి. అరచేయంత కూడా లేని ఆ పిల్లలు వెలుతురు ఎటుంటే అటే సముద్రం అనుకుంటాయి. రోడ్డు దీపాలవైపు పాకిన వాటిని నేను చూశాను. ఈ నెలల్లోనే వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన పెద్ద తాబేళ్లు కూడా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. పిల్లలు అడిగితే దాచకుండా చెప్పండి.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట చలికాలంలో సీగల్స్ గుంపులుగా వాలతాయి. డచ్చివాళ్ల పాత సమాధులు, లైట్‌హౌస్ చూసి, సరుగుడు తోటల మీదుగా వెనక్కి రండి. తేగలు అమ్ముతుంటే కొనుక్కోండి.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు ఏ కాలంలో బాగుంటాయి?

చలికాలం సాయంత్రం నాలుగు దాటాక. వాలు ఎండకి ఎరుపు మండుతుంది. ఒకప్పుడు సముద్రమట్టం బాగా దిగిపోయినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తి పోసింది. వేల ఏళ్లలో ఇనుము తుప్పు పట్టి రేణువు రేణువునా ఎర్ర పూత పడింది. ఆ తర్వాత వానలు వాగులుగా కోశాయి. ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో తప్ప మన చుట్టుపక్కల లేవు. జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా వెళ్లింది. రాయిలా కనిపిస్తుంది కానీ గోటితో గీస్తే రాలుతుంది. గోడలు ఎక్కకండి, పేర్లు చెక్కకండి. వానరోజుల్లో వాగుల్లోకి వెళ్లకండి, అంచులు విరిగిపడతాయి.

తాజా చేపలు ఎప్పుడు దొరుకుతాయి?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలూ వంజరం, చందువ కావాలని హోటల్లో పట్టుబట్టకండి. ఇంజిన్ లేని తెప్పల మీద వెళ్లేవాళ్లు తెచ్చే నెత్తళ్లు, కవళ్లు తినండి, పులుసు అద్భుతంగా ఉంటుంది. మిగతా రోజుల్లో తెల్లవారగానే ఫిషింగ్ హార్బర్‌కి గానీ, ఒడ్డున తెప్పలు దిగే ఏ జాలరిపేటకి గానీ వెళ్లండి. బేరం ఆడండి, కానీ రాత్రంతా సముద్రంలో ఉండి వచ్చినవాళ్ల దగ్గర పది రూపాయల కోసం పంతానికి పోకండి. వల లాగుతుంటే ఒక చెయ్యి వేయొచ్చు, అడిగి వేయండి.

బస్సులో తిరగొచ్చా?

తిరగొచ్చు. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె సిటీ బస్సు ఎక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. యారాడకి ఘాట్ రోడ్డు, సొంత వాహనం మేలు. చీకటి పడకముందే తిరిగి రండి.

ఫొటోలు, డ్రోన్లు?

ఇది తూర్పు నౌకాదళ కేంద్రం. డాల్ఫిన్ నోస్ చుట్టుపక్కల, నేవీ బోర్డులున్నచోట కెమెరా తీయొద్దు. డ్రోన్ ఇంట్లో వదిలేసి రండి.

మా అమ్మానాన్నలు పెద్దవాళ్లు, రాళ్లు దిగలేరు. వాళ్లకి ఏం చూపించాలి?

తెన్నేటి పార్క్. స్వాతంత్ర్య సమరయోధుడు తెన్నేటి విశ్వనాథం గారి పేరు పెట్టారు. రోడ్డు పక్కనే బెంచీలు, కింద రాళ్లు, కెరటం విరిగినప్పుడు తుంపర ముఖం దాకా వస్తుంది. కారు గేటు దాకా వెళుతుంది. సాయంత్రం నాలుగున్నరకి తీసుకెళ్లండి, కొండ నీడ పడి ఎండ తగ్గుతుంది. శాలువా మర్చిపోకండి.

మా అమ్మకి ఎనభై దాటాయి. మోకాళ్లు సహకరించక ఇసుకలో దిగి అయిదేళ్లయింది. కార్తీక పౌర్ణమి నాడు ఆవిడని ఆ బెంచీ మీద కూర్చోబెట్టి నేను రాళ్లలోంచి దిగి సీసాలో నీళ్లు పట్టుకొస్తాను. చంద్రుడు నీళ్లలోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా సీసా ఒళ్లో పెట్టుకుని చూస్తుంది. ఆ తర్వాత మూత తీసి, మూడుసార్లు నెత్తిన చల్లుకుని, మిగిలింది నా తల మీద పోస్తుంది.